మిలిటరీ రైఫిళ్ల పుస్తకాలు: దేన్ని నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి

పాత మిలిటరీ రైఫిళ్లు సేకరించేవాళ్లలో ఒక మాట తిరుగుతుంటుంది: ముందు పుస్తకం కొను, తర్వాత తుపాకీ కొను. మంచి సలహానే. కాకపోతే ఏ పుస్తకం కొనాలో, కొన్నాక అందులో ఎంత నమ్మాలో ఎవరూ చెప్పరు.

నేను ఈ పాఠం కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక రైఫిల్ గురించి ఒకే అంకె మూడు పుస్తకాల్లో కనిపించింది. ముగ్గురు చెప్పారు కదా, ఇక సందేహం ఏముంది అనుకున్నాను. తర్వాత మూడూ పక్కపక్కన పెట్టి చదివితే తెలిసింది, మొదటి పుస్తకంలో రెండంకెలు తారుమారై అచ్చయ్యాయి, రెండో ఆయన దాన్ని అలాగే ఎత్తి రాసుకున్నాడు, మూడో ఆయన రెండో ఆయన్ని నమ్మాడు, నేను ముగ్గురినీ నమ్మాను. అంటే సాక్షులు ముగ్గురు కాదు, ఒక్కడే, వాడు కూడా అచ్చుతప్పే.

అప్పట్నుంచి నా పద్ధతి మారింది. ఇప్పుడు "ఈ పుస్తకం మంచిదా?" అని అడగను, "ఈ వాక్యం ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడుగుతాను. గొప్ప పుస్తకంలోనూ గాలి మాటలుంటాయి, నాసిరకం కాగితం మీద అచ్చేసిన చిన్న పుస్తకంలో ఇంకెక్కడా దొరకని బంగారం లాంటి పేజీ ఒకటి ఉండొచ్చు. కింద చెప్పేదంతా ఆ ఒక్క ప్రశ్న ఎలా వేయాలన్నదాని గురించే.

మొదటి అడుగు: మీకు కావలసింది ఏంటో తేల్చుకోండి

ఇది ఏ రైఫిల్ అన్నది ఒక ప్రశ్న. ఎప్పుడు చేశారన్నది ఇంకో ప్రశ్న. ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఇలాగే ఉందా అన్నది మూడోది, అన్నిటికంటే కష్టమైనది. మొత్తం ఎన్ని చేశారు, ఎంత పలుకుతుంది అనేవి మళ్లీ వేరు. ఏ పుస్తకమూ ఇవన్నీ బాగా చెప్పదు.

ప్రపంచంలోని రైఫిళ్లన్నిటినీ ఒకే సంపుటంలో పెట్టే లావుపాటి పుస్తకాలు మొదటి ప్రశ్నకే పనికొస్తాయి. ఒక్కో మోడల్‌కి అరపేజీ ఇచ్చే రచయిత అన్ని వందల రైఫిళ్లనూ చేతిలోకి తీసుకుని చూసి ఉండడు, అది ఆయన తప్పు కాదు, పుస్తకం స్వభావమే అంత. ధరల పుస్తకం నిరుటి క్యాలెండర్‌తో సమానం. ఒక్క మోడల్ మీద, ఒక్క ఫ్యాక్టరీ మీద రాసిన పుస్తకాలకే మిగతా కష్టమైన ప్రశ్నలు వేయండి.

రెండో అడుగు: ముందు పేజీలు, వెనక పేజీలు చదవండి

బొమ్మలు తర్వాత చూద్దురు గానీ, ముందు అచ్చైన సంవత్సరం చూడండి. చాలామంది ఇక్కడే మోసపోతారు, ఎందుకంటే 1960లలో రాసిన పుస్తకాన్ని కొత్త అట్టతో మళ్లీ అచ్చేసినప్పుడు లోపల కొత్త సంవత్సరమే పెద్దగా కనిపిస్తుంది. పునర్ముద్రణ వేరు, సవరించిన కూర్పు వేరు. కూర్పు మారితే ముందుమాటలో ఏం సవరించారో చెప్పాలి. చెప్పకపోతే మారింది అట్టేనని అనుకోవచ్చు.

సంవత్సరం ఎందుకంత ముఖ్యం? ఎందుకంటే కొత్త సాక్ష్యం గోదాముల్లోంచి, ఆర్కైవుల్లోంచి ఒక్కోసారి కుప్పలుగా బయటపడుతుంది. రష్యన్ మోసిన్-నాగాంట్ రైఫిల్ తీసుకోండి. 1991కి ముందు పాశ్చాత్య రచయితలకు సోవియట్ ఆర్కైవుల్లోకి దారి లేదు, చేతికి దొరికిన రైఫిళ్లు చూసి ఊహించి రాసినదే ఎక్కువ. సోవియట్ యూనియన్ కూలాక పెట్టెలకు పెట్టెలు మరమ్మతు చేసిన రైఫిళ్లు మార్కెట్‌లోకి వచ్చాయి, వాటితోపాటు యుద్ధంలో జర్మన్ల దగ్గర పట్టుకున్న మౌజర్ 98కె రైఫిళ్లు కూడా. ఈ మౌజర్లలో రిసీవర్ (బారెల్, బోల్ట్ అమరే లోహపు చట్రం) మీద 'ఎక్స్' ఆకారం గుర్తు, పార్టుల మీద ఎలక్ట్రిక్ పెన్సిల్‌తో గీసిన నంబర్లు, ఒక రైఫిల్ బోల్ట్ (తూటాను బారెల్‌లోకి తోసి మూసే కడ్డీ) ఇంకో రైఫిల్‌లో. అవి రాకముందు రాసిన పుస్తకంలో ఈ గుర్తుల ఊసే లేకపోతే రచయితను తిట్టకండి, ఆ పేజీ వయసు గుర్తుపెట్టుకోండి.

ఇలాంటిదే 2003లో జరిగింది. ఖాట్మండులోని పాత రాజభవనం ఆయుధాగారంలో దశాబ్దాలుగా మూలుగుతున్న రైఫిళ్ల నిల్వ మొత్తం అమ్ముడై బయటికొచ్చింది. బయటికి అచ్చం బ్రిటిష్ మార్టినీ-హెన్రీ రైఫిల్‌లా కనిపిస్తూ లోపల వేరే మెకానిజం ఉన్న గహేంద్ర రైఫిళ్లను చాలామంది కలెక్టర్లు మొదటిసారి విప్పి చూసింది అప్పుడే. అంతకు ముందు అచ్చైన పుస్తకంతో నేపాల్ రైఫిల్‌ని గుర్తుపట్టాలనుకోవడం పాత మ్యాప్‌తో కొత్త రోడ్డు వెతకడమే.

తర్వాత వెనక పేజీలకు వెళ్లండి. ఫుట్‌నోట్లు ఉన్నాయా? ఏ ఆర్కైవు, ఏ ఫైలు, ఏ తేదీ అని రాశారా, లేక "అధికారిక రికార్డుల ప్రకారం" అని దాటేశారా? ఆ మాట విన్నప్పుడల్లా నాకు కాస్త అనుమానం. రికార్డు చూసినవాడు దాని పేరు చెప్పకుండా ఉండలేడు, వెతికి పట్టుకోవడానికి ఎంత కష్టపడి ఉంటాడో కదా. కృతజ్ఞతల పేజీ కూడా వదలకండి. అక్కడున్న పేర్లలో మ్యూజియం వాళ్లు, ఆర్కైవు వాళ్లు ఎంతమంది, తుపాకుల వ్యాపారులు ఎంతమంది అన్నది చాలా చెబుతుంది. వ్యాపారులందరూ అబద్ధాలు చెబుతారని కాదు, కానీ తన దగ్గర అమ్మకానికున్న రకం "చాలా అరుదు" అని పుస్తకంలో పడితే ఎవరికి లాభమో మనం ఆలోచించుకోవాలి.

మూడో అడుగు: ప్రతి వాక్యం పక్కనా ఒక అక్షరం

అసలు పని ఇది. పెన్సిల్ తీసుకోండి (పెన్ను వద్దు, అభిప్రాయాలు మారతాయి). మీకు అవసరమైన అధ్యాయంలో ముఖ్యమైన ప్రతి మాట పక్కనా మార్జిన్‌లో ఒక అక్షరం వేయండి: దస్తావేజు నుంచి వస్తే "ద", రచయితో ఇంకెవరో రైఫిళ్లను లెక్కపెట్టి చెబితే "లె", ఎవరో అనగా విన్నదైతే "వి". ఏదో తేలకపోతే ప్రశ్న గుర్తు. ఒక అధ్యాయం పూర్తయ్యేసరికి ఆ పుస్తకం గుట్టు మీ చేతిలో ఉంటుంది. మెచ్చుకుంటూ చదివిన పుస్తకాల్లో పేజీకి పది ప్రశ్న గుర్తులు పడ్డ రోజు నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి.

"ద" అని వేసినంత మాత్రాన అది వేదవాక్కు కాదు. దస్తావేజు ఏం చెబుతోందో చూడాలి. ఆర్డర్ ఇచ్చిన సంఖ్య, తయారైన సంఖ్య, సైన్యం తనిఖీ చేసి తీసుకున్న సంఖ్య, ఇవి మూడూ వేరు. అమెరికా ఎం1 కార్బైన్‌లో (కార్బైన్ అంటే పొట్టి రైఫిల్) ఇది బాగా కనిపిస్తుంది. పలు కంపెనీలకు సీరియల్ నంబర్ల బ్లాకులు ముందే కేటాయించారు, కేటాయించిన ప్రతి నంబరూ వాడలేదు, పైగా ఒక కంపెనీ రిసీవర్లను ఇంకో కంపెనీ చేసిచ్చిన సందర్భాలున్నాయి. కేటాయింపు పట్టికను తయారీ పట్టిక అనుకుని కూడికలు వేసిన రచయిత ఎక్కడికి చేరతాడో ఊహించుకోండి.

తేదీల్లోనూ అంతే. బ్రిటిష్ వాళ్లు ఆయుధాల్లో చేసిన ప్రతి మార్పునూ మార్పుల జాబితా అని ఒకదాంట్లో పేరా నంబరు వేసి మరీ ప్రచురించేవారు. అద్భుతమైన వనరు. కానీ అందులోది ఆమోదం తేదీ. లీ-ఎన్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ రైఫిల్‌లో మార్క్ 3 స్టార్ రకానికి ఆమోదం 1916 జనవరిలో వచ్చింది, 1915 అని కొట్టిన మార్క్ 3 స్టార్ రైఫిళ్లేమో ఉన్నాయి. యుద్ధం నడుస్తుంటే ఫ్యాక్టరీ కాగితం కోసం ఆగదు, కాగితం వచ్చాక కూడా పాత పార్టులు అయిపోయేదాకా వాడుతూనే ఉంటుంది. కాబట్టి "1916కి ముందు మార్క్ 3 స్టార్ ఉండదు" అని ఎవరైనా రాస్తే, ఆయన కాగితం చదివాడు గానీ రైఫిల్ చూడలేదన్నమాట. మాన్యువళ్లు కూడా ఇదే బాపతు: ఎలా ఉండాలో చెబుతాయి, ఎలా ఉండేదో కాదు.

ఇక "లె". రికార్డులు లేని చోట ఇదే దిక్కు. జపాన్ అరిసాకా రైఫిళ్ల సంగతి చూడండి, 1945లో ఓటమి ఖాయమయ్యాక మిలిటరీ కాగితాలు పెద్దఎత్తున తగలబెట్టేశారు. ఇప్పుడు మనకు తెలిసిన తయారీ వివరాల్లో చాలా భాగం కలెక్టర్లు దశాబ్దాలపాటు సీరియల్ నంబర్లు రాసుకుని, ఒకచోట పోగేసి, కట్టుకున్న గోడే. సీరియల్ నంబర్లతో లెక్క కట్టడం ఏదో కాలక్షేపం అనుకోకండి. రెండో ప్రపంచయుద్ధంలో 1942 ఆగస్టు నెలకి జర్మన్ ట్యాంకుల తయారీ 1,550 అని గూఢచారి వర్గాలు అంచనా వేస్తే, పట్టుకున్న ట్యాంకుల సీరియల్ నంబర్ల నుంచి లెక్క కట్టినవాళ్లు 327 అన్నారు. యుద్ధం అయ్యాక జర్మన్ రికార్డు చూస్తే 342.

అయితే లెక్క మంచిదో కాదో తెలియాలంటే కొన్ని అడగాలి. ఎన్ని రైఫిళ్లు చూశారు? స్వయంగా చూశారా, ఉత్తరాల్లో, ఫోన్లలో చెప్పినవా? ఎక్కడ చూశారు? అమెరికన్ సైనికులు ఇంటికి తెచ్చుకున్న రైఫిళ్లను మాత్రమే లెక్కపెడితే, ఆ సైనికులు ఎక్కడ పనిచేశారో అక్కడి గోదాముల్లో ఉన్న రకాలే ఎక్కువ కనిపిస్తాయి, మంచూరియాలో మిగిలిపోయినవి ఆ లెక్కలోకి రావు. అన్నిటికంటే ముఖ్యం, అత్యల్ప నంబరు, అత్యధిక నంబరు అని ఇచ్చే హద్దులు. మధ్యలో వెయ్యి నంబర్లు తప్పుగా రాసినా పెద్దగా తేడా రాదు, కానీ కొసన ఒక్క నంబరు తప్పు చదివితే హద్దే జరిగిపోతుంది. అరిసాకాల్లో నంబరు పక్కన చిన్న వృత్తంలో కనా (జపాన్ లిపి) అక్షరం ఉంటుంది, అది సిరీస్ గుర్తు. ఆ అక్షరాల వరస ఇప్పటి జపాన్ పిల్లలు బళ్లో నేర్చుకునే వరస కాదు, ఇ-రో-హ-ని-హో అని సాగే పాత వరస. ఈ సంగతి తెలియక కొత్త పట్టిక పెట్టుకుని సిరీస్ లెక్కపెట్టినవాడి రైఫిల్ తన అసలు చోటు నుంచి లక్షల నంబర్ల దూరంలోకి వెళ్లిపోతుంది.

జర్మన్ 98కె లో ఇలాంటి ఉచ్చు ఇంకోటి. ప్రతి ఫ్యాక్టరీ ఏటా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేది, పదివేలు చేరగానే నంబరుకి ఒక ఇంగ్లిష్ అక్షరం తగిలించి మళ్లీ ఒకటి నుంచి. అంటే 5123 అనే నంబరు ఒక్కటే చెబితే ఏమీ చెప్పనట్టే. ఏ ఫ్యాక్టరీ, ఏ సంవత్సరం, ఏ అక్షరం, ఈ మూడూ ఉంటేనే అది ఒక రైఫిల్. పట్టికలో అక్షరాలు ఎగిరిపోయిన పుస్తకం కనబడితే, మిగతా జాగ్రత్తలు కూడా అదే స్థాయిలో ఉంటాయని అనుకోవచ్చు.

"వి" గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మాజీ సైనికుల జ్ఞాపకాలు విలువైనవే, తాను ఏం చూశాడో, ఎంత బరువు మోశాడో, చలికి బోల్ట్ ఎలా బిగుసుకుందో సైనికుడికి తెలుస్తుంది. ఫ్యాక్టరీలో స్టీలు ఎందుకు మార్చారో ఆయనకు తెలియదు.

ఇప్పుడు ఈ అక్షరాలు ఒకే పేరాలో ఎలా కలిసిపోతాయో చూడండి. లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 5, జంగిల్ కార్బైన్ అంటారే, దాని గురించి ఏ పుస్తకం తెరిచినా దాదాపు ఇలాంటి పేరానే కనిపిస్తుంది: ఈ కార్బైన్ జీరో నిలవదని, ఒకసారి సరిచేసిన గురి తర్వాత పక్కకు పోతుందని ఫిర్యాదులొచ్చాయి, రిసీవర్‌నీ బారెల్ మొదలునీ బరువు తగ్గించడానికి చెక్కేయడమే కారణం, నిజానికి బోల్ట్ యాక్షన్ (ప్రతిసారీ చేత్తో బోల్ట్ లాగాల్సిన) రైఫిళ్లను వదిలించుకోవాలనుకున్న అధికారులు దీన్ని సాకుగా వాడుకున్నారు, 1947లో తయారీ ఆగింది. చదవడానికి ఒకే కథలా నున్నగా ఉంది కదా? పెన్సిల్ పెట్టండి. ఫిర్యాదులు వచ్చాయన్నది కాగితాల్లో ఉండే విషయం, రచయిత ఫైలు చూపిస్తే "ద". తయారీ ఆగిన సంవత్సరం కూడా అంతే, రైఫిళ్ల మీద కొట్టిన తేదీలు కూడా సాయం చేస్తాయి. చెక్కేయడమే కారణం అన్నది ఒక వివరణ, దానికి పరీక్షల ఫలితం చూపించాలి, లేకపోతే ప్రశ్న గుర్తు. సాకుగా వాడుకున్నారన్నది మనుషుల మనసులో మాట, ఎవరో ఒక అధికారి అలా రాసిన కాగితం చూపిస్తే తప్ప "వి". నాలుగు మాటలు, మూడు రకాల బరువు. పుస్తకం వాటిని ఒకే గొంతుతో చెప్పింది, అంతే.

నాలుగో అడుగు: ఎత్తిరాతల్ని పట్టుకోండి

మొదట్లో చెప్పిన అచ్చుతప్పు కథ అందరికీ జరుగుతుంది. విరుగుడు ఒక్కటే, ఒకే విషయం మీద మూడు నాలుగు పుస్తకాలు పాతదాని నుంచి కొత్తదాకా వరసగా పెట్టుకుని చూడటం. ఒకే అంకె, ఒకే వింత స్పెల్లింగు, ఒకే ఉదాహరణ రైఫిల్ నంబరు తిరిగి తిరిగి వస్తుంటే అవన్నీ ఒకే చెట్టు కొమ్మలు. మొదటి పుస్తకం ఎక్కడ నుంచి తెచ్చిందో అది చూస్తే చాలు.

ఫొటోల్లో ఇది ఇంకా సులువు. నెగెటివ్ తిరగబడి అచ్చైతే బోల్ట్ పిడి ఎడమ పక్కకు వస్తుంది, రిసీవర్ మీద అక్షరాలు అద్దంలో చూసినట్టుంటాయి. అదే తిరగబడ్డ ఫొటో ఇంకో రచయిత పుస్తకంలోనూ తిరగబడే ఉంటే ఆ ఇద్దరిలో కనీసం ఒకరు రైఫిల్ చూడకుండా రాశారు.

ఐదో అడుగు: మీకు తెలిసిన చోట పరీక్ష పెట్టండి

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందంటారు. పుస్తకాల విషయంలో ఒక్క మెతుకు చాలదు, ఓ పది చూడండి. మీకు ఏ రైఫిల్ గురించి బాగా తెలుసో, చేతిలో ఏది ఉందో, దాని అధ్యాయం తెరిచి పది విషయాలు మీ రైఫిల్‌తో సరిపోల్చండి: ముద్రలు ఎక్కడ ఉన్నాయి, స్క్రూ తల ఎలా ఉంది, సైట్ (గురిచూసే భాగం) మీద అంకెలు ఎక్కడిదాకా ఉన్నాయి. మీకు తెలిసిన చోట మూడు తప్పులు దొరికితే, తెలియని చోట ఎన్నున్నాయో.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. పుస్తకానికీ రైఫిల్‌కీ తేడా వస్తే తప్పు ఎప్పుడూ పుస్తకానిదే కాదు. మీ రైఫిల్ యాభై ఏళ్లలో నాలుగు వర్క్‌షాపులు తిరిగి ఉండొచ్చు.

అలాగే పుస్తకం వాడే మాటలు గమనించండి. "ఎప్పుడూ", "ఎక్కడా", "అన్నీ" అనే మాటలు ఎక్కువగా వాడే రచయితను నేను తక్కువ నమ్ముతాను. "ఇప్పటివరకు చూసినవాటిలో" అని మొదలుపెట్టే వాక్యం పొడిగా ఉన్నా నాకు ప్రాణం లేచొస్తుంది.

ఆరో అడుగు: ఫొటో చూడండి, కింద రాసింది తర్వాత

ఫొటో అబద్ధం చెప్పదు, దాని కింద రాసిన మాట చెబుతుంది. ఎం1 గారాండ్ అనే అమెరికా రైఫిల్ ఒకటి ఊహించుకోండి, కింద "1943 మార్చి తయారీ, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే" అని ఉంది. ఆ మాటను చేత్తో మూసేసి రైఫిల్ చూడండి. ఆపరేటింగ్ రాడ్ (పేలాక బోల్ట్‌ని వెనక్కి నడిపే కడ్డీ) మూల దగ్గర అర్ధచంద్రాకారంలో చిన్న కోత ఉంది, అది యుద్ధం అయ్యాక రాడ్లు పగలకుండా పెట్టిన కోత. వెనక సైట్ నాబ్ మీద యుద్ధకాలం నాటి అడ్డపట్టీ లాక్ లేదు, తర్వాతి రకం నాబ్ ఉంది. స్టాక్ (చెక్క భాగం) ఎడమ పక్క చూస్తే డేగ బొమ్మ ముద్ర, అది 1950లలో వచ్చిన రక్షణ శాఖ ముద్ర. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ అనే అమెరికా ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీలో 1943 మార్చిలో తయారైతే ఆ చోట అప్పటి కమాండింగ్ అధికారి ఎర్ల్ మెక్‌ఫార్లాండ్ పొడి అక్షరాలు పెట్టెలాంటి గీతల్లో, పక్కన ఫిరంగుల ముద్ర ఉండాలి. అంటే 1943 నాటిది రిసీవర్ ఒక్కటే, రైఫిల్ యుద్ధం తర్వాత ఆర్సెనల్‌లో (సైన్యం ఆయుధ వర్క్‌షాపులో) మళ్లీ కట్టినది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, చాలా గారాండ్లు అలాంటివే, సైన్యానికి పనిచేసే రైఫిల్ కావాలి గానీ మ్యూజియం ముక్క కాదు. కానీ ఆ ఫొటో చూసి 1943 పార్టులు ఇలా ఉంటాయని నేర్చుకున్నవాడి గతేంటి?

సీరియల్ నంబరుని బట్టి నెల చెప్పే పట్టికలది కూడా ఇలాంటి పరిమితే. అవి రిసీవర్ గురించి చెబుతాయి. బారెల్ మీద కొట్టిన నెల వేరుగా ఉండొచ్చు, మరీ వేరుగా ఉంటే మార్చిన బారెల్.

ఏడో అడుగు: పుస్తకం చదివేది మీరొక్కరే కాదు

తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడు. ముద్ర కొలతలతో సహా గీసిన బొమ్మలు పుస్తకంలో వేస్తే కలెక్టరు దాంతో నకిలీ పట్టుకుంటాడు, నకిలీ చేసేవాడు దాంతోనే ముద్ర చేయించుకుంటాడు. లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 స్నైపర్ రైఫిల్‌నే తీసుకోండి, రిసీవర్ మీద 'టి', వాటిని స్నైపర్లుగా మార్చిన హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ ఎస్51 కోడు, స్టాక్ మెడ మీద టెలిస్కోప్ నంబరు ఉండాలని ప్రతి పుస్తకమూ చెబుతుంది, అందుకే అవన్నీ ఉన్నంత మాత్రాన సరిపోదు. పుస్తకాల్లో తక్కువగా రాసిన విషయాలు, అంటే చెక్క అరుగుదల, ముద్ర అంచుల పదును, ముద్ర తర్వాత వేసిన రంగా ముందు వేసినదా, అవే ఎక్కువ ఉపయోగపడతాయి. జంగిల్ కార్బైన్ నకిలీలు ఇందుకు ఎదురు ఉదాహరణ. మామూలు నంబర్ 4 ని కోసి కుదించిన చాలావాటిలో బారెల్ మొదలు దగ్గర బరువు తగ్గించే చెక్కుళ్లు ఉండవు, ఎందుకంటే అది శ్రమ, పైగా చెక్క తీస్తే తప్ప పూర్తిగా కనబడదు.

దీనికంటే ఇబ్బందికరమైనది ఇంకోటుంది, దీని గురించి తక్కువమంది మాట్లాడతారు. ఒక పుస్తకం ఫలానా సీరియల్ నంబరుకి ఫలానా డ్రాయింగ్ నంబరున్న బోల్ట్, ఫలానా ట్రిగ్గర్ ఉండాలని పట్టిక ఇస్తుంది. కలెక్టర్లు ఆ పట్టిక చూసుకుని పార్టులు మార్చి తమ రైఫిళ్లను "సరిచేస్తారు". ఇరవై ఏళ్లయ్యాక ఇంకో రచయిత రైఫిళ్లను లెక్కపెడితే పాత పట్టిక చాలావరకు నిజమేనని తేలుతుంది. తేలక ఏమవుతుంది, పట్టికే కదా ఆ రైఫిళ్లను తయారుచేసింది. అందుకే లెక్క ఎప్పుడు మొదలైందో చూడాలి. పార్టుల మార్పిడి ఊపందుకోకముందు రాసుకున్న పాత నోటుబుక్కుల మీద ఆధారపడ్డ పుస్తకానికి, లేదా యుద్ధం నుంచి నేరుగా ఒకే ఇంట్లో ఉండిపోయిన రైఫిళ్లను విడిగా చూపించిన పుస్తకానికి నేను ఎక్కువ మార్కులేస్తాను.

ఎనిమిదో అడుగు: రెండు పుస్తకాలు కొట్టుకుంటే

సగటు తీయకండి. ఒకాయన గారాండ్లు 40 లక్షలంటాడు, ఇంకొకాయన 54 లక్షలంటాడు, సరే 47 లక్షలు అనుకుందాం అంటే కుదరదు. మొదటిది రెండో ప్రపంచయుద్ధం ముగిసేదాకా స్ప్రింగ్‌ఫీల్డ్, వించెస్టర్ కలిసి చేసిన లెక్క, రెండోది 1950లలో స్ప్రింగ్‌ఫీల్డ్‌తోపాటు ఇంటర్నేషనల్ హార్వెస్టర్, హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ చేసినవి కూడా కలిపినది. ఇద్దరూ నిజమే చెప్పారు, వేర్వేరు ప్రశ్నలకు. చాలా గొడవలు ఇలాగే తెగిపోతాయి. తెగనివి తెగనివిగానే మార్జిన్‌లో ఉంచండి.

పేల్చాలనుకుంటే

ఇక్కడ మాత్రం పుస్తకాన్ని పక్కన పెట్టండి. 1903 స్ప్రింగ్‌ఫీల్డ్ అనే అమెరికా రైఫిల్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీవైతే 8,00,000 కంటే తక్కువ, రాక్ ఐలండ్ ఫ్యాక్టరీవైతే 2,85,507 కంటే తక్కువ నంబరున్న రిసీవర్లకు వేడిచేసి చల్లార్చే పని సరిగా జరగలేదని, అవి పగిలే ప్రమాదం ఉందని కలెక్టర్లందరికీ తెలిసిన సంగతే, అయినా "నా దగ్గరున్నది బానే పేలుతోంది" అని రాసే పుస్తకాలూ ఉన్నాయి. జర్మన్ 7.92 మి.మీ. తూటాలో మొదట సన్న బుల్లెట్, తర్వాత కాస్త లావుది, అంగుళంలో 0.318కీ 0.323కీ ఉన్న తేడా, పేరు మాత్రం దాదాపు ఒకటే. ఇలాంటిచోట పుస్తకం మీకు అనుమానం పుట్టించాలి, ధైర్యం ఇవ్వకూడదు. బోరు (బారెల్ లోపలి వ్యాసం), హెడ్‌స్పేస్ (బోల్ట్‌కీ తూటాకీ మధ్య ఖాళీ) కొలవగల గన్‌స్మిత్ చెప్పేదాకా ఆ రైఫిల్ గోడ మీదే ఉంటుంది.

చివరి అడుగు: మీ రైఫిల్ కూడా ఒక పేజీ

పుస్తకంలో తప్పు దొరికితే రచయితకు రాయండి. కోపంగా కాదు, వివరంగా: పూర్తి నంబరు, అక్షరంతో సహా, ఫ్యాక్టరీ గుర్తు, సంవత్సరం, ముద్రల ఫొటోలు పక్క నుంచి వెలుతురు పడేలా తీసినవి, రైఫిల్ మీ చేతికి ఎలా వచ్చిందన్నది. ఏమైనా పార్టు మీరు మార్చి ఉంటే అది కూడా దాచకుండా చెప్పండి. మంచి రచయితలు జవాబిస్తారు, ఇంకా మంచివాళ్లు "నేను పొరబడ్డాను" అని తర్వాతి కూర్పులో అచ్చేస్తారు, నా మటుకు అలాంటి సవరణ ఉన్న పుస్తకం అరలో పై వరసలోకి వెళ్తుంది. ఒకసారి నేను గర్వంగా పంపిన అరిసాకా నంబరుకి వచ్చిన జవాబు రెండే లైన్లు: అక్షరం మళ్లీ చూడండి, పక్క నుంచి టార్చ్ వేసి. వేశాను. అక్షరం వేరే. పుస్తకం మార్జిన్‌లో నేను రాసుకున్న "రచయిత తప్పు" అన్న మాటను రబ్బరుతో చెరిపేశాను.